భుజం మీది బరువు చక్రం మీదికి

పుదుచ్చేరి పట్టణానికి దక్షిణాన సుమారు 20 కిలోమీటర్ల దూరంలో బాహూరు ఉన్నది. నందికొండల ప్రాంతంలో పుట్టి, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాలలో ప్రవహించి, కడలూరు సమీపంలో సముద్రాన్ని చేరే దక్షిణ పినాకిని నది నీరు కాలువ ద్వారా ఇక్కడి చెరువులోనికి వస్తుంది. పుదుచ్చేరి ప్రాంతంలో ఊసుడు చెరువు తరువాత పెద్దది ఈ చెరువే. దాని కింద పండే వరి వల్ల బాహూరుకు పుదుచ్చేరి ధాన్యాగారమన్న పేరు వచ్చింది. క్రీస్తు శకం 9వ శతాబ్దంలో పల్లవ రాజు నృపతుంగవర్మ కాలాన వెలసిన రాగి శాసనం, ఈ ఊరి విద్యాస్థానం పోషణకై మూడు గ్రామాలను దానం చేసిన సంగతిని తెలుపుతున్నది. శాస్త్రమూ సేద్యమూ ఒకే ఊరిలో వర్ధిల్లిన చోటు ఇది.

వరి పండే ఊరికి బరువు మోయడమంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కరలేదు. ఒకప్పుడు 100 కిలోల దాకా తూగే ధాన్యపు బస్తాలను హమాలీలు వీపున వేసుకొని మెట్లెక్కేవారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో ఒక మనిషి మోయదగిన గరిష్ఠ భారాన్ని గురించి ఒక ఒడంబడికను ఆమోదించి, దానికి తోడుగా చేసిన సిఫారసులో వయోజన పురుషుని మోతను 55 కిలోలకు మించనీయరాదని సూచించింది. నేడు ప్రభుత్వ సేకరణ ధాన్యమూ, సిమెంటూ 50 కిలోల సంచులలో వస్తున్నాయి. మనిషి వీపుకు సరిపోయేలా బస్తాను చిన్నది చేయడం సాధ్యమైనది, కనుక చేశారు. చిన్నది చేయడానికి వీలులేని బరువు ఎదురైనప్పుడు ఏమి చేయాలి అన్నదే ప్రస్తుత విషయం.

అట్టి బరువు బాహూరు వంటి ఊళ్లకు ఉత్సవాల వేళ లారీలలో వస్తుంది. అది స్పీకరు పెట్టె.

పాత రోజులలో మైకు సెట్టు అంటే ఒక రేకు గొట్టం, ఒక యాంప్లిఫయరు, ఒక బ్యాటరీ. ఆ గొట్టాన్ని సైకిలుకు కట్టి ఒక్క మనిషి ఊరూరా తిప్పగలిగేవాడు. అమెరికాలో రైస్, కెలాగ్ అనే ఇంజనీర్లు 1925లో ప్రకటించిన కదిలే తీగచుట్ట స్పీకరు నమూనాయే నేటి పెట్టెలకు మూలం. గొట్టం పలుకును దూరానికి పంపగలదు గాని డోలు మోతను, మృదంగపు తొప్పిని శ్రోత గుండెకు చేర్చలేదు. సెకనుకు 40 కంపనాలు గల స్వరానికి గాలిలో తరంగ దైర్ఘ్యం దాదాపు ఎనిమిదిన్నర మీటర్లు. అంత పెద్ద తరంగాన్ని పుట్టించాలంటే చాలా గాలిని కదపాలి. అందుకు 18 అంగుళాల స్పీకర్లు రెండు, వాటి వెనుక బరువైన అయస్కాంతాలు, అదరకుండా నిలిచే మందపాటి ప్లైవుడ్ గోడలు కావాలి. ఇట్టి పెట్టె ఒక్కొక్కటి 80 నుంచి 100 కిలోల వరకు తూగుతుంది. దీనిని సగానికి కోసి రెండు సంచులలో పోయడానికి వీలులేదు.

ఈ లారీలు పుదుచ్చేరి నుంచి రావచ్చు, కడలూరు నుంచి రావచ్చు. దారి కూడా ఒక పాఠమే. పుదుచ్చేరి ప్రాంతం ఒకే ముక్కగా లేదు. ఫ్రెంచివారి ఏలుబడి నాటి ఎల్లలు 1954లో పాలన చేతులు మారినప్పుడూ, 1962లో విలీనం చట్టబద్ధమైనప్పుడూ అలాగే నిలిచాయి. కడలూరు రోడ్డున పోయే లారీ తమిళనాడుకు చెందిన రెడ్డిచావడిని దాటి తిరిగి పుదుచ్చేరి నేలపైకి వస్తుంది. ఆ ఊరి పేరులోని రెడ్డి తెలుగువారి మాట, చావడి ఉభయులదీ. తమిళులు వండి అన్నదానిని తెలుగువారు బండి అంటారు. ఇదే కేంద్రపాలిత ప్రాంతంలోని యానాం, బాహూరుకు 800 కిలోమీటర్లకు పైగా దూరాన గోదావరి ఒడ్డున తెలుగు మాట్లాడుతున్నది. పెట్టె బరువు మాత్రం ఏ ఎల్ల దాటినా మారదు.

ఆ పెట్టె దించే వేళకంటె ఎక్కించే వేళ కష్టమైనది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 వరకు బహిరంగ స్థలాలలో లౌడ్ స్పీకర్ల వాడకం నిషిద్ధం. పండుగలకు కొద్ది రోజుల మినహాయింపు మాత్రమే ఉన్నది. నిబంధన మంచిదే. దాని ఫలితంగా కార్యక్రమం ముగిసి, జనం వెళ్లిపోయి, దీపాలు సగం ఆరిన తరువాతనే పెట్టెలు లారీ ఎక్కవలసి ఉంటుంది. ఉదయం నుంచి పనిచేసిన చేతులు, చీకటి, మంచుకు తడిసిన నేల, మరునాటి ఊరికి పోవలసిన తొందర, అన్నీ ఒకేసారి కలుస్తాయి. నడుము పట్టేదీ, వేళ్లు నలిగేదీ ఈ గంటలోనే. ఫ్యాక్టరీల విషయంలో 1948 నాటి చట్టపు 34వ సెక్షను, గాయం కలిగించగల అధిక బరువును ఎవరిచేతనూ ఎత్తించరాదని చెప్పింది. గుడి వీధి ఫ్యాక్టరీ కాదు. అక్కడ తనిఖీ అధికారి ఉండడు. అమెరికాలోని వృత్తి భద్రతా పరిశోధన సంస్థ 1991లో సవరించిన సూత్రం, అన్ని పరిస్థితులూ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒక మనిషి ఎత్తదగిన బరువును 23 కిలోలుగానే తీసుకున్నది. ఆ లెక్కన 90 కిలోల పెట్టెకు నలుగురు కావాలి. నలుగురు పట్టుకొనేటన్ని పిడులు ఆ పెట్టెకు సాధారణంగా ఉండవు. ఉన్నా నలుగురి అడుగులు చీకటిలో కలవవు.

దీనికి పరిష్కారం డాలీ. ఈ మాట తెలుగు చెవికి వింతగా వినిపిస్తుంది, ఏలనంటే తెలుగులో డోలీ ఉన్నది. రోడ్డు లేని మన్యపు గూడేలలో రోగిని కర్రకు కట్టిన గుడ్డలో కూర్చుండబెట్టి ఇద్దరు భుజాలపై మోసుకొనిపోయేది డోలీ. అది ఊయల అనే అర్థం గల సంస్కృత డోలా శబ్దం నుంచి వచ్చింది. ఇంగ్లీషు డాలీ డొరోతీ అనే పేరుకు ముద్దు పిలుపు. తరువాత బొమ్మకూ, ఆపై చక్రాల పలకకూ పేరైంది. రెండింటికీ చుట్టరికం లేదు. మొదటిది మనిషి మోసేది, రెండవది మనిషిని మోత నుంచి తప్పించేది.

డాలీ అంటే నాలుగు చక్రాలపై నిలిచే పొట్టి పలక, అంతే. ఊరి వడ్రంగి ఒక పూటలో చేయగలడు. అయితే కొలతలు తెలియక చేసిన డాలీ ప్రమాదాన్ని తప్పించక, దానిని మరొక చోటికి జరుపుతుంది. కనుక లెక్క వేయవలసి ఉన్నది. ఉదాహరణకు 110 సెంటీమీటర్ల పొడవు, 75 వెడల్పు, 58 ఎత్తు, 90 కిలోల బరువు గల పెట్టెలు రెండింటిని ఒకదానిపై ఒకటి నిలుపుతారనుకొందాము. డాలీ బరువు 20 కిలోలు. మొత్తం 200.

మొదట ఘర్షణ సంగతి. 200 కిలోలను సిమెంటు నేలపై ఈడ్చాలంటే జారుడు ఘర్షణ గుణకాన్ని 0.4గా తీసుకొన్నా 80 కిలోల బలం కావాలి. అదే బరువు మంచి చక్రాలపై ఉంటే దొర్లుడు ఘర్షణ నూటికి 2 లేక 3 వంతులే. 4 నుంచి 6 కిలోల తోపుడు చాలును. ఈ తేడాను చూసి చాలామంది ఏ చక్రమైనా ఒకటేనని భావిస్తారు. అంగడిలో చవకగా దొరికే 50 మిల్లీమీటర్ల చక్రాలు బిగిస్తారు. నున్నని నేలపై అవి చక్కగానే నడుస్తాయి. గుడి వీధిలో 10 మిల్లీమీటర్ల రాతి అంచు అడ్డం రాగానే ఆగిపోతాయి.

ఎందుకు ఆగుతాయో పదవ తరగతి గణితం చెబుతుంది. ఒక చక్రం వ్యాసార్ధం r, ఎక్కవలసిన అంచు ఎత్తు h అయితే, ఇరుసు ఎత్తున అడ్డంగా తోసే బలం చక్రంపై ఉన్న బరువును ఇన్ని రెట్లు చేసినంత ఉండాలి: 2rh నుంచి h వర్గాన్ని తీసివేసి, దాని వర్గమూలాన్ని r, h ల తేడాతో భాగించాలి. 50 మిల్లీమీటర్ల చక్రానికి r 25. H 10 అయినప్పుడు వర్గమూలం 20, భాజకం 15, ఫలితం 1.33. 100 మిల్లీమీటర్ల చక్రానికి వర్గమూలం 30, భాజకం 40, ఫలితం 0.75. ముందరి రెండు చక్రాలపై సగం బరువు, అనగా 100 కిలోలు ఉంటుంది. చిన్న చక్రాలను ఆ అంచు ఎక్కించడానికి 133 కిలోల బలం కావాలి, పెద్దవాటికి 75 చాలును. చిన్న చక్రం ఎక్కనప్పుడు మనుషులు వెనక్కు తగ్గి పరుగున తోస్తారు. పెట్టెలు తలకిందులయ్యేది అప్పుడే. చక్రం వ్యాసం 100 మిల్లీమీటర్లకు తగ్గరాదనడానికి ఇదే కారణం. మట్టి నేలపై 100 కూడా దిగబడుతుంది. అక్కడ దారి పొడవునా పాత ప్లైవుడ్ పలకలు పరచుకోవడం తప్ప మార్గం లేదు.

చక్రాల సామర్థ్యాన్ని ఎంచేటప్పుడు 200ను 4తో భాగించి 50 అనుకోవడం సర్వసాధారణమైన పొరపాటు. నేల ఎన్నడూ సమంగా ఉండదు. నాలుగు కాళ్ల బల్ల గిలకలాడినట్లే డాలీ కూడా ఏ క్షణంలోనైనా మూడు చక్రాలపైనే నిలుస్తుంది. అందువల్ల 3తో భాగించాలి. 67 కిలోలు వస్తుంది. గుంటలలో పడే అదుటుకు రెట్టింపు వేసుకొని, ఒక్కొక్కటి 130 నుంచి 150 కిలోలు మోయగల కాస్టరు చక్రాలు తీసుకొనడం యుక్తం. నాలుగూ అన్ని వైపులకు తిరిగేవే మేలు. రెండు స్థిరంగా ఉంటే వాలుపై నేరుగా నడిచే మాట నిజమే గాని, లారీలో చివరి అర మీటరు పక్కకు జరపవలసి వచ్చినప్పుడు మళ్లీ నడుములే వంచవలసి వస్తుంది. నాలుగింటిలో రెండింటికైనా కాలితో నొక్కే బ్రేకు ఉండాలి. రబ్బరు లేక పాలీయురిథేన్ పూత గల చక్రం, గట్టి నైలాను చక్రం కంటె కొంచెం బరువుగా దొర్లినా రేకు నేలపై జారదు.

పలకకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ సరిపోతుంది, అయితే చక్రం బిగించే నాలుగు మూలలలో అడుగున అదే మందం గల మరో ముక్కను జిగురుతో అతికించాలి. చక్రాన్ని మరమేకులతో బిగించరాదు. మరమేకు కొన్ని ప్రయాణాలు ఓర్చుకొని, ఒకనాడు చెక్కను చీల్చుకొని ఊడుతుంది. 8 మిల్లీమీటర్ల బోల్టును పలక గుండా దింపి, వెడల్పు వాషరు వేసి, అదురుకు సడలని నట్టు బిగించాలి. బోల్టు తలలు పలకపై పొడుచుకొని రాకూడదు. అంచుల చుట్టూ 25 మిల్లీమీటర్ల ఎత్తున చెక్క పట్టీ కొడితే పెట్టె పక్కకు జారదు. ఆ పట్టీలో పెట్టె పిడి ఉన్న వైపున చేయి పట్టేటంత ఖాళీ వదలడం మరువరాదు. పెట్టెను దింపే చివరి అంగుళంలోనే వేళ్లు చిక్కుకుంటాయి. పై పెట్టె కదలకుండా కింది పెట్టె నెత్తిన గిన్నెల వంటి గుంటలు తొలిచే ఆచారం కూడా ఉన్నది. ఖాళీ డాలీలను ఒకదానిపై ఒకటి పేర్చినప్పుడు చక్రాలు ఆ గుంటలలో కూర్చుంటాయి.

ఇక ఎత్తు సంగతి. వస్తువు ఎప్పుడు పడిపోతుందో గరిమనాభి నిర్ణయిస్తుంది. డాలీ ఎత్తు 16 సెంటీమీటర్లు. దానిపై ఒక పెట్టె ఉంటే గరిమనాభి నేల నుంచి సుమారు 45 సెంటీమీటర్లు, రెండైతే 74, మూడైతే 103. చక్రాలు అంచు నుంచి కొంత లోపలికి ఉంటాయి కనుక వెడల్పు వైపు ఆధారం సగం 30 సెంటీమీటర్లే. ఒక పెట్టె దాదాపు 34 డిగ్రీలు ఒరిగితేగాని పడదు. రెండు 22 డిగ్రీలకు, మూడు 16 డిగ్రీలకే పడతాయి. చక్రాలపై నడిపేటప్పుడు రెండింటిని మించి పేర్చరాదనే నియమం ఇందువల్ల వచ్చింది. మూడవదానిని లారీలో స్థానం చేరి బ్రేకులు వేసిన తరువాతనే ఎక్కించాలి.

లారీ పలక నేల నుంచి 1.2 మీటర్ల ఎత్తున ఉన్నదనుకొంటే, 3.6 మీటర్ల వాలు బల్లపై 200 కిలోలను ఎక్కించడానికి 67 కిలోల బలం కావాలి. బల్లను 4.8 మీటర్లకు పెంచితే 50 చాలును. పొడవు బల్ల కొనడానికి యజమాని వెనుకాడుతాడు, దానికి లారీలో చోటు కూడా ఎక్కువే. అయినా వాలుపై జరిగే ప్రమాదం మామూలు ప్రమాదం కాదు. పైనుంచి ఇద్దరు తాడుతో లాగాలి, కిందినుంచి తోసేవారు ఇరుపక్కల నిలవాలి. బరువుకు సూటిగా కింద ఎవరూ నిలవరాదు. తాడు జారితే 200 కిలోలను ఆపగల మనిషి లేడు.

ఈ సందర్భంలో దక్షిణ దేశపు రథాలను తలచుకొనడం అప్రస్తుతం కాదు. బాహూరుకు పొరుగున విల్లియనూరులో తిరుకామీశ్వరుని రథోత్సవం జరుగుతుంది. ఫ్రెంచి గవర్నరు స్వయంగా వచ్చి రథపు పగ్గం పట్టే ఆచారం నాడు ఉండేది. నేడు లెఫ్టినెంట్ గవర్నరు ఆ పని చేస్తున్నారు. పగ్గం పట్టేవారిని అందరూ చూస్తారు. చక్రాల పక్కన వంగి నడుస్తూ, చెక్క దిమ్మలను చక్రం కిందికి తోసి రథాన్ని మలిపేవారినీ, ఆపేవారినీ ఎవరూ గమనించరు. రథం నడక అంతా వారి చేతిలోనే ఉన్నది. తిరువారూరు పెద్ద రథానికి తిరుచిరాపల్లిలోని భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ సంస్థ ఉక్కు చక్రాలనూ హైడ్రాలిక్ బ్రేకులనూ సమకూర్చింది. అయినా అట్టి రథాల వెంట దిమ్మలు పట్టినవారు నడుస్తూనే ఉన్నారు. డాలీకి కూడా కాలి బ్రేకు ఒక్కటే నమ్మదగినది కాదు. లారీ అదురుకు అది సడలుతుంది. ప్రతి డాలీ చక్రానికి ముందూ వెనుకా చెక్క దిమ్మ పెట్టాలి.

ఆపైన బెల్టు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు లారీపై ఉన్న సరుకు తన బరువులో సగానికి మించిన బలంతో ముందుకు దూకుతుంది. యూరపు ప్రమాణాలు ఈ లెక్కను 0.8 రెట్లుగా తీసుకొనమంటాయి. 200 కిలోల దొంతరను 160 కిలోల బలానికి ఆపగల కట్టు ఉండాలన్న మాట. పైన చెప్పిన దొంతర వెడల్పు వైపు నుంచి 0.4 రెట్ల బలానికే తిరగబడుతుంది. పొడవు వైపు అయితే 0.65 వరకు నిలుస్తుంది. కనుక పెట్టెల పొడవును లారీ పొడవు వెంటనే ఉంచాలి. లారీ లోపలి వెడల్పు 230 సెంటీమీటర్లయితే 75 చొప్పున మూడు దొంతరలు 225లో ఇముడుతాయి. మిగిలిన 5 సెంటీమీటర్లలో పాత దుప్పటి కుక్కితే పక్కకు ఒరగడానికి చోటుండదు. ముందరి వరుస డ్రైవరు వెనుక గోడకు ఆనాలి, ప్రతి వరుసకూ అడ్డంగా బిగింపు బెల్టు పడాలి. పెట్టెలు చేయించే ముందే లారీని కొలిచిన యజమానికి ఈ పని సులువు. పెట్టెలు చేయించి తరువాత లారీ వెతికినవాడు దుప్పట్లే ఎక్కువగా కొనవలసి వస్తుంది.

ఇంతా చేసి ఒక చిన్న పనిని చాలామంది వదిలివేస్తారు. పెట్టె మీద దాని బరువు వ్రాయరు. ఓడలలో పంపే భారీ మూటలపై బరువు గుర్తించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1929లోనే ఒడంబడిక చేసింది. వెయ్యి కిలోలు, అంతకు మించిన మూటల కోసం భారత పార్లమెంటు 1951లో ప్రత్యేక చట్టం చేసింది. 90 కిలోల పెట్టెకు అట్టి చట్టం లేదు. నల్లరంగు పూసిన రెండు పెట్టెలు చూపుకు ఒకేలా ఉంటాయి. ఒకటి 45 కిలోలు, మరొకటి 90 కావచ్చు. చీకటిలో తేలిక అనుకొని ఎత్తినవాని నడుము మొదటి క్షణంలోనే పడుతుంది. తెల్లరంగు డబ్బా, కుంచె చాలును. పెట్టెకు నాలుగు వైపులా, డాలీ అంచున, అరచేయంత అంకెలలో కిలోలు వ్రాయవచ్చు. మాటలలో వ్రాస్తే తమిళంలోనా తెలుగులోనా అన్న ప్రశ్న వస్తుంది. 90 అన్న అంకెను బాహూరు హమాలీ, యానాం నుంచి వచ్చిన కుర్రవాడు, కడలూరు డ్రైవరు ముగ్గురూ ఒకే విధంగా చదువుతారు.